లాటిన్ పరీక్ష: పదాలు, క్రియారూపాలు, సీజర్ అనువాదం రివిజన్ ఎలా చేయాలి?

నాణేలపిచ్చి, విజయవాడ:

అందరికీ నమస్తే. ఇక్కడ సంస్కృతం, ప్రాకృతం గురించి అడిగేవాళ్ళే ఎక్కువ కనిపిస్తున్నారు, లాటిన్ అడుగుతున్నానని నవ్వకండి. నేను హిస్టరీలో ఎం.ఏ. చేశాను. వినుకొండలో దొరికిన రోమన్ బంగారు నాణేల గురించి ప్రాజెక్టు రాస్తున్నప్పుడు, ఆ నాణేల మీద అక్షరాలు వేరేవాళ్ళు చదివిపెడితే కాదు నేనే చదవాలి అనిపించి లాటిన్ మొదలుపెట్టాను. అది ముదిరి యూరప్‌లో ఒక కోర్సుకి అప్లై చేసేదాకా వచ్చింది. సీటు ఇచ్చేముందు ఆన్‌లైన్‌లో లాటిన్ పరీక్ష పెడతారు, అది వచ్చే నెలాఖరులో. పదాలకి అర్థాలు ఒక భాగం, క్రియారూపం ఇచ్చి అది ఏ కాలం, ఏ పురుష, ఏ వచనం, యాక్టివా పాసివా అని అడిగేది ఇంకో భాగం, మూడోది రోమన్ సేనాని సీజర్ గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) మీద తను చేసిన దండయాత్రల గురించి రాసిన గాలిక్ యుద్ధం మొదటి పుస్తకంలోంచి ఒక పేరా ఇంగ్లిష్‌లోకి అనువాదం. డిక్షనరీ చూడనివ్వరు.

మూడింటికీ మూడు నోట్సులు పెట్టుకుని చదువుతున్నాను, ఒకదాంట్లో చదివింది ఇంకోదాంట్లో అక్కరకి రావడం లేదు. ఫ్లాష్‌కార్డులో ఫెరో అంటే మోయడం అని టక్కున చెప్తాను, అదే పేరాలో తులిత్ కనిపిస్తే అది ఆ క్రియే అని తట్టదు. ఇక అనువాదంలో ఇప్పుడు టెన్షన్ పెడుతున్న వాక్యం ఇది: "కైసరీ కుమ్ ఇద్ నూన్తియాతుమ్ ఎస్సెత్, ఎఓస్ పెర్ ప్రోవిన్కియమ్ నొస్త్రమ్ ఇతెర్ ఫకెరె కోనారీ, మాతూరత్ అబ్ ఉర్బె ప్రొఫికీస్కీ". పదాలన్నీ తెలుసు, వాక్యం మాత్రం కూడిరావడం లేదు. ఇంటర్లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతమే తీసుకున్నాను, మార్కుల కోసం, మన ఊళ్ళో అందరూ తీసుకున్నట్టే. దానివల్ల ఏమైనా ఉపయోగం ఉంటుందా? విజయవాడలోగానీ గుంటూరులోగానీ నేర్పేవాళ్ళెవరైనా ఉంటే కూడా చెప్పండి.

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు:

ఇందులో నవ్వేదేముందమ్మా. నేను సంస్కృతం చెప్పి రిటైరైన మనిషిని, లాటిన్ సరదాకి నేర్చుకున్నాను, కాబట్టి పరీక్షల రహస్యాలు నా దగ్గర లేవు, చదివే పద్ధతి మాత్రం చెప్తాను.

ముందు ఆ మూడు నోట్సుల్లో రెండు మూసెయ్. లాటిన్‌లో క్రియ అంటే నాలుగు రూపాలు కలిస్తేనే ఒక పదం: ఫెరో, ఫెర్రె, తులీ, లాతుమ్. మొదటిది మోస్తున్నాను, రెండోది మోయడం, మూడోది మోశాను, నాలుగోదాంట్లోంచి "మోయబడిన" అనే రూపం పుడుతుంది. కార్డు మీద ఫెరో అని ఒక్కటే రాసి వెనక అర్థం రాస్తే ఆ కార్డు దండగ. శబ్దమంజరి వల్లించినట్టు నాలుగూ ఒక్క ఊపిరిలో పైకి అనాలి. అగో, అగెరె, ఏగీ, ఆక్తుమ్. మిత్తో, మిత్తెరె, మీసీ, మిస్సుమ్. ఇలా అలవాటైతే పదాల రివిజన్‌లోనే సగం క్రియారూపాల రివిజన్ అయిపోతుంది. ముఖ్యంగా దొంగ కవలల్ని పక్కపక్కన పెట్టుకుని చదువు: విన్కో, విన్కెరె, వీకీ, విక్తుమ్ అంటే గెలవడం. వీవో, వీవెరె, వీక్సీ, వీక్తుమ్ అంటే బతకడం. విన్కియో, విన్కీరె, వీన్క్సీ, వీన్క్తుమ్ అంటే కట్టేయడం. పరీక్ష పెట్టేవాళ్ళకి ఈ మూడూ మహా ఇష్టం.

రెండో సంగతి, కార్డులు తెలుగు లిపిలో రాసుకో. ఇది భాషాభిమానం కొద్దీ చెప్పే మాట కాదు. లాటిన్‌లో అచ్చు హ్రస్వమా దీర్ఘమా అన్నదాన్నిబట్టి రూపం మారిపోతుంది, మామూలుగా ముద్రించే టెక్స్టులో ఆ గుర్తులు వేయరు. మనకి ఎ వేరు, ఏ వేరు, ఒ వేరు, ఓ వేరు. సంస్కృతానికి వాడే దేవనాగరిలో కూడా ఈ సదుపాయం సహజంగా లేదు. మొనేరె అని రాసుకుంటే అది రెండో గణం (ఒకే తీరులో మారే క్రియల గుంపు) అని కళ్ళకే తెలుస్తుంది, మిత్తెరె అని రాస్తే మూడో గణం. ఈ తేడా ఎందుకంత ముఖ్యం అంటే, మొనెత్ అంటే హెచ్చరిస్తున్నాడు, వర్తమానం. మిత్తెత్ అంటే పంపబోతాడు, భవిష్యత్తు. చివర్న రెండూ ఒకేలా ఉన్నాయి, గణం తెలియకపోతే కాలం చెప్పలేవు. మొదటి రెండు గణాల్లో భవిష్యత్తుకి బి వస్తుంది, అమాబిత్, మొనేబిత్. మూడు, నాలుగు గణాల్లో ఆ బి రాదు. చాలామంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

అలాగే వెనిత్ అంటే వస్తున్నాడు, వేనిత్ అంటే వచ్చాడు. లెగిత్ చదువుతున్నాడు, లేగిత్ చదివాడు. పరీక్ష పేపర్లో దీర్ఘం గుర్తు లేకుండా రూపం ఒక్కటే ఇచ్చి అడిగితే రెండు జవాబులూ రాసేయ్, పేరాలో వస్తే చుట్టుపక్కల క్రియల్ని చూసి తేల్చుకో.

తెలుగులో ఆలోచించేవాళ్ళకి ఒక గొయ్యి కూడా ఉంది. మన "పంపుతాడు" రోజూ చేసే పనికీ చెల్లుతుంది, రేపు చేసే పనికీ చెల్లుతుంది. లాటిన్‌లో అవి రెండు వేర్వేరు రూపాలు. కాబట్టి నోట్సులో వర్తమానానికి పంపుతున్నాడు అని, భవిష్యత్తుకి పంపబోతాడు అని కచ్చితంగా వేరుచేసి రాసుకో, కాస్త కృతకంగా ఉన్నా ఫర్వాలేదు.

సబ్‌జంక్టివ్‌కి, అంటే కుమ్, ఉత్ లాంటి మాటల తర్వాత ఉపవాక్యాల్లో వచ్చే క్రియారూపానికి, భయపడకు. అసంపూర్ణ భూతంలో అయితే ఇన్ఫినిటివ్ (ఆ నాలుగింట్లో రెండో రూపం) యథాతథంగా పెట్టి చివర పురుష ప్రత్యయం తగిలించడమే, అమారె ప్లస్ త్ అమారెత్. ఇంకా వెనకటి భూతానికి అమావిస్సె ప్లస్ త్ అమావిస్సెత్. నీ వాక్యంలో ఉన్న నూన్తియాతుమ్ ఎస్సెత్ దీనికే పాసివ్ రూపం.

ఇప్పుడు వాక్యం సంగతి. కైసరీ చతుర్థీ విభక్తి, సీజర్‌కి. కుమ్ పక్కన నూన్తియాతుమ్ ఎస్సెత్ వచ్చింది కాబట్టి "కబురు అందగానే". ఏమని కబురు? ఇద్ అనేది వెనక వచ్చే ముక్కని చూపిస్తోంది. ఆ ముక్కలో ఎఓస్ ద్వితీయలో ఉంది, క్రియ కోనారీ ఇన్ఫినిటివ్‌లో ఉంది. ఈ జంట కనిపిస్తే తెలుగులో "అని" పెట్టెయ్: వాళ్ళు ప్రయాణం చేయడానికి ప్రయత్నిస్తున్నారని. కోనారీ, ప్రొఫికీస్కీ చూడటానికి పాసివ్‌లా ఉంటాయి, అర్థం మాత్రం యాక్టివ్. ఆత్మనేపదం గుర్తుందా, లభతే, వర్తతే? అర్థంలో అచ్చం అదే కాకపోయినా, వేషం ఒకటి పని ఇంకొకటి అన్న సంగతి నీకు ఇంటర్లోనే పరిచయం. మార్కుల కోసం చదివినా పూర్తిగా వృథా పోలేదన్నమాట.

సీజర్ చాలావరకు మనలాగే క్రియని చివర పెడతాడు. ఇక్కడ మాతూరత్‌ని ముందుకి లాగాడు, అందుకే నీకు వాక్యం కూడిరాలేదు. ఇంగ్లిష్ వరసలో కర్తని, క్రియని వెతుక్కుంటూ పోకుండా ముందు తెలుగులో పూర్తిగా అర్థం చేసుకుని, తర్వాత ఇంగ్లిష్‌లో రాయి. తెలుగులో చేసి ఇక్కడ పెట్టు, చూస్తాను.

బాపట్ల అగ్రి స్టూడెంట్:

మాస్టారంత తెలీదుగానీ అక్కా, మాకు మొక్కల పేర్ల వల్ల కొంచెం లాటిన్ తగులుతుంది. లింగం, విశేషణం కలవాలన్న రూలు నాకు మిర్చి దగ్గరే అర్థమైంది. కాప్సికుమ్ నపుంసకం కాబట్టి అన్నుఉమ్. దుగ్గిరాల యార్డుకి వచ్చే పసుపు కుర్కుమా, స్త్రీలింగం, అందుకని లోంగా. ఇంతవరకూ బాగానే ఉంది, రావిచెట్టు దగ్గరికొచ్చేసరికి ఫీకుస్ రెలిగియోసా, ఉస్‌తో అయిపోయే పేరు పక్కన "ఆ"తో అయిపోయే మాట వచ్చింది ఏంటి అని మా సర్‌ని అడిగితే, లాటిన్‌లో చెట్ల పేర్లు ఉస్‌తో ముగిసినా మామూలుగా స్త్రీలింగమే అన్నారు. చింతచెట్టు కూడా అంతే, తమరిందుస్ ఇందికా. పదాల భాగంలో లింగం కూడా అడిగితే ఇవి పనికొస్తాయి. సీజర్‌కి పనికిరావులెండి, ఆయన పుస్తకంలో పసుపు ఎక్కడుంటుంది.

గుణదల పెద్దాయన:

చిన్నప్పుడు కాథలిక్ చర్చిలో లాటిన్ పూజ విన్నవాళ్ళలో నేనొకణ్ణి. రెండో వాటికన్ సభ 1962 నుంచి 65 దాకా జరిగింది, ఆ తర్వాతే గుళ్ళో పూజ తెలుగులోకి వచ్చింది. అంతకుముందు పాతెర్ నొస్తెర్, క్రేదో లాంటి ప్రార్థనలన్నీ అర్థం తెలియకుండానే నోటికి వచ్చేవి, ఇప్పటికీ వస్తాయి.

నేర్పేవాళ్ళెవరని అడిగావు కదమ్మా. సెమినరీలో చదివిన ఫాదర్లలో కొందరికి లాటిన్ బాగా వచ్చు, మీ దగ్గర్లోని విచారణ (చర్చి పరిధి) ఫాదర్‌ని అడిగితే తెలిసినవాళ్ళ దగ్గరికి పంపుతారు. ఒక జాగ్రత్త మాత్రం చెప్తాను. గుడి ఉచ్చారణ వేరు, మాస్టారు రాసిన పాత రోమన్ల ఉచ్చారణ వేరు. ఆయన వీకీ అంటారు, మేము వీచీ అంటాం, ఆయన కైసర్ అంటే మేము చేసర్ అంటాం. రాతపరీక్షే కాబట్టి ఏదైనా ఒకటేగానీ ఒక్కదాన్నే పట్టుకో. దీర్ఘాల సంగతి మాస్టారు అంత గట్టిగా చెప్పాక ఆయన పద్ధతే నీకు మేలు. పాటల్లో మేము దీర్ఘాలు అంత పట్టించుకోం.

సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నాను, లాటిన్‌కీ సంస్కృతానికీ చుట్టరికం ఉందని గట్టిగా రాసిన మొదటివాళ్ళలో ఒకాయన మన తెలుగు బాగా నేర్చుకున్న ఫ్రెంచి జెజూయిట్ ఫాదరే. పేరు కేర్దూ. ఆయన 1767లో ఫ్రాన్స్‌లోని అకాడమీకి రాశారు, విలియం జోన్స్ కలకత్తాలో 1786లో ఇదే చుట్టరికం గురించి చేసిన ప్రసంగానికి దాదాపు ఇరవై ఏళ్ళు ముందు. జోన్స్ పేరు అన్ని పుస్తకాల్లో ఉంటుంది, ఈయన్ని తలుచుకునేవాళ్ళు తక్కువ.

నాణేలపిచ్చి:

మాస్టారూ, చాలా థాంక్సండీ. పాత కార్డులన్నీ పక్కనపెట్టి తెలుగు లిపిలో మళ్ళీ రాయడం మొదలుపెట్టాను. లింగ్వ, లింగ్వా అని రాసుకున్నాక మొదటి అధ్యాయంలో "హీ ఒమ్నేస్ లింగ్వా, ఈన్స్తితూతీస్, లేగిబుస్ ఇన్తెర్ సే దిఫ్ఫెరున్త్" దానంతట అదే విడిపోయింది. మూడూ అబ్లేటివే (ఇక్కడ మన "లో" అర్థమిచ్చే విభక్తి), వీళ్ళందరూ భాషలోనూ ఆచారాల్లోనూ చట్టాల్లోనూ ఒకరికొకరు వేరు. పెద్దాయన గారూ, మీకూ థాంక్సండీ, ఆదివారం వెళ్ళి ఫాదర్‌ని అడుగుతాను. తమ్ముడూ, రావిచెట్టు ఇక జన్మలో మర్చిపోను.

ఆ వాక్యం ఇలా చేశాను: "వాళ్ళు మన ప్రావిన్సు గుండా వెళ్ళడానికి ప్రయత్నిస్తున్నారని కబురు అందగానే సీజర్ రోమ్ నుంచి హడావుడిగా బయలుదేరతాడు". ఇందులో మన అనాలా, మా అనాలా? నొస్త్రమ్‌లో ఆ తేడా లేదు. పరీక్ష ఇంగ్లిష్‌లోనే కాబట్టి మార్కులకి సంబంధం లేదు, కానీ తెలుగులో రాస్తుంటే ఏదో ఒకటి తేల్చుకోకుండా ముందుకి కదలడం లేదు.

అరండల్‌పేట తర్జుమా:

అనువాదాలే నా పని, ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి, లాటిన్ సొంతంగా నేర్చుకున్నాను. నా ఓటు "మన"కే. సీజర్ ఈ పుస్తకం రాసింది రోమ్‌లో ఉన్నవాళ్ళు చదవడానికి. తన గురించి తానే సీజర్ వచ్చాడు, సీజర్ ఆజ్ఞాపించాడు అని ఎవరి గురించో చెప్తున్నట్టు రాసుకుంటూ, ప్రావిన్సు దగ్గరికొచ్చేసరికి నొస్త్రమ్ అంటాడు. అంటే చదివే రోమన్‌ని కూడా లోపలికి లాక్కుంటున్నాడు, ఇది నీది కూడా సుమా, వాళ్ళు వస్తోంది నీ ఇంట్లోకే అని. "మా" అంటే చదివేవాడు బయటే నిలబడిపోతాడు, యుద్ధానికి సమర్థింపు సగం పోతుంది. మొదటి అధ్యాయంలో "మన భాషలో గాల్లులు అంటారు" అన్నచోట కూడా అంతే.

మాస్టారు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను, ఒక్క విషయంలో తప్ప. ఆయన వ్యాకరణం నుంచి వాక్యానికి రమ్మంటున్నారు, డిక్షనరీ లేని పరీక్షలో నేనైతే కథ నుంచి వాక్యానికి రమ్మంటాను. మొదటి పుస్తకంలో ఏం జరిగిందో తెలుగులో నీ మాటల్లో ముందు రాసేసుకో. హెల్వేతీలనే జాతి తమ దేశం వదిలి పోవాలనుకున్నారు. పురికొల్పినవాడు ఒర్గెతోరిక్స్, వాళ్ళందరిలోకీ డబ్బున్నవాడు. అతను చచ్చిపోయినా వాళ్ళు మానలేదు, వెనక్కి తిరిగొచ్చే ఆశ ఉండకూడదని తమ పట్టణాలు పన్నెండు, ఊళ్ళు నాలుగొందల దాకా తగలబెట్టుకున్నారు. బయటపడటానికి దారులు రెండే. ఒకటి జూరా కొండకీ రోన్ నదికీ మధ్య, బండి పట్టడమే కష్టం. రెండోది రోమన్ ప్రావిన్సు గుండా, సులువైనది. క్రీ.పూ. 58 మార్చి 28న అందరూ రోన్ ఒడ్డున కలవాలని నిర్ణయించుకున్నారు. ఆ కబురే నీ వాక్యంలో సీజర్‌కి అందింది. ఇది మనసులో ఉంటే ఎఓస్ ఎవరు, ఇతెర్ ఎటు అని వెతుక్కోవాల్సిన పనే లేదు, తెలియని పదం ఒకటి అడ్డొచ్చినా చుట్టూ ఉన్న కథ లాక్కుపోతుంది.

పదాల్లో కూడా సీజర్‌వి ముందు చదువు, జనరల్ లిస్టు తర్వాత చూసుకోవచ్చు. కాస్త్ర అంటే శిబిరం, ఎప్పుడూ బహువచనమే, మన నీళ్ళు, పాలు, వడ్లు లాగా, కాబట్టి పక్కన బహువచన క్రియ ఉందని శిబిరాలు అని రాయకు. కోపియ అంటే సమృద్ధి, అదే బహువచనంలో కోపియై అంటే సైన్యం. ఫీనిస్ హద్దు, ఫీనేస్ ఆ హద్దుల్లోపలి దేశం. ఇంపెదీమెన్త సామాన్ల బళ్ళు. ఫ్రూమెన్తుమ్, ఒబ్సిదేస్, ఎక్వితాతుస్, అంటే ధాన్యం, బందీలుగా పెట్టే మనుషులు, గుర్రపు దండు, ఇవి ఎంతకీ వదలవు. ధాన్యం రాలేదని సీజర్ ఎన్నిసార్లు గొడవపెట్టుకుంటాడో చూస్తే ఆ మాట ఇక మర్చిపోవు.

ఒర్గెతోరిక్స్ వాక్యంలో "కీవితాతీ పెర్‌స్వాసిత్" అని వస్తుంది, అది పరీక్షలో పడే అవకాశం ఎక్కువ. అక్కడ జనం అన్న మాట చతుర్థిలో ఎందుకుందని అందరూ తికమక పడతారు. "ఒప్పించాడు" అనుకుంటే జనాన్ని అనాలి, "నచ్చజెప్పాడు" అనుకుంటే జనానికి అవుతుంది, విభక్తి అతికినట్టు సరిపోతుంది. దాని తర్వాత ఉత్, ఆ తర్వాత సబ్‌జంక్టివ్ ఎక్సీరెన్త్. "బయటికి వెళ్ళిపోయేలా నచ్చజెప్పాడు".

బ్రాడీపేట మాస్టారు:

తర్జుమా గారూ, కథ ముందు అన్న మాట బాగానే ఉంది, కానీ కథ తెలిసినవాళ్ళు అసలు లేని మాటలు కూడా వాక్యంలో ఉన్నట్టు రాసేస్తారు, నేను దిద్దిన పేపర్లలో అది బోలెడంత చూశాను, రామాయణం తెలుసు కదా అని శ్లోకం చూడకుండానే తాత్పర్యం రాసే పిల్లలు. మూల్యాంకనం చేసేవాడు ప్రతి ప్రత్యయానికీ లెక్క అడుగుతాడు. రెండూ చెయ్యనీయండి, రాసేది మాత్రం రూపాన్ని చూసి రాయాలి.

"మన" సంగతిలో మీతో ఏకీభవిస్తున్నాను.

అమ్మాయీ, నీ అనువాదం బాగుంది. ఒక్కచోట చూసుకో, ఉర్బె అంటే నగరం. రోమన్లకి నగరం అంటే రోమే కాబట్టి అర్థం తప్పుకాదు, పరీక్షలో మాత్రం నగరం అనే రాయి. మాతూరత్ వర్తమానం, దాన్ని బయలుదేరతాడు అన్నావు, ఈ సందర్భంలో అది చెల్లుతుంది, సీజర్ గడిచిన సంగతిని ఇలా కళ్ళముందు జరుగుతున్నట్టు చెప్తాడు. ఇంగ్లిష్‌లో భూతకాలం వాడినా తప్పుపట్టరు, కాకపోతే పేరా అంతా ఒకే పద్ధతిలో ఉండాలి. క్రియారూపాల భాగంలో అడిగితే మాత్రం వర్తమానం అనే చెప్పాలి.

దీని తర్వాత కొంచెం దూరంలోనే జెనీవా దగ్గరున్న వంతెన గురించి "యుబెత్ రెస్కిన్దీ" అని వస్తుంది. రెస్కిన్దీ ఏ రూపమో చెప్పి, ఆ వాక్యం చేసి పెట్టు.

నాణేలపిచ్చి:

రెస్కిన్దో, రెస్కిన్దెరె, రెస్కిదీ, రెస్కిస్సుమ్. మూడో గణం, కాబట్టి రెస్కిన్దీ అంటే వర్తమాన పాసివ్ ఇన్ఫినిటివ్. మొదటి గణం అయితే అమారీ అని ఆరీ వచ్చేది, ఇక్కడ ఎరె పోయి ఒట్టి ఈ మిగిలింది. జెనీవా దగ్గర ఉన్న వంతెనని పడగొట్టమని ఆజ్ఞాపిస్తాడు. "పడగొట్టబడాలని" అని రాసి కొట్టేశాను, తెలుగులో అలా ఎవరూ అనరు కదా. క్వీ ఎరత్ అనే ముక్క మొత్తం "ఉన్న" అనే ఒక్క మాటలో సరిపోయింది.

గోడ కట్టే అధ్యాయం రేపు మొదలుపెడతాను మాస్టారూ, అందులో అడుగులూ మైళ్ళూ చాలా ఉన్నాయి, సంఖ్యల విభక్తులు కూడా చదవాలా?

బ్రాడీపేట మాస్టారు:

ఒకటి, రెండు, మూడు వరకే రూపాలు మారతాయి, తర్వాత వందలు, వేలు చూసుకో. నాలుగు నుంచి వంద దాకా మారవు, వాటి మీద టైమ్ పెట్టకు.